గడిలో సంఖ్య ఉంటుందా, పుడుతుందా?

పట్టికలో ఒక గడిలో "2 కిలోల సంచులు 12" అని ఉందనుకుందాం. అందులోని అంకెలను మాత్రమే ఏరి పక్క గడిలో పెట్టమని కంప్యూటర్‌కు చెబితే వచ్చేది 212. ఆ సరుకులో 212 ఎక్కడా లేదు. సంచులు 12, బరువు 24 కిలోలు. యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు. అంకెలు ఏరమన్నారు, ఏరింది. అంకె రాతలోని గుర్తు, సంఖ్య లెక్కకు వచ్చే విలువ. ఇక్కడే ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది: సంఖ్య ముందే ఉండి బయటపడుతుందా, చూసే బుద్ధి వల్ల పుడుతుందా?

వైశేషిక దర్శనానికి చెందిన తాత్వికులు సంఖ్యను వస్తువుల గుణాల్లో ఒకటిగా లెక్కించారు. ఏకత్వం ప్రతి వస్తువులోనూ ఉంటుంది. రెండు మొదలు పై సంఖ్యల సంగతి వేరు. "ఇది ఒకటి, ఇది ఒకటి" అని వస్తువులను కలిపి పట్టుకునే జ్ఞానానికి వారు పెట్టిన పేరు అపేక్షాబుద్ధి. అది పోతే ద్విత్వం, అంటే రెండు అన్న సంఖ్య, కూడా పోతుంది. అపేక్షాబుద్ధి ద్విత్వాన్ని పుట్టిస్తుందా, ఉన్నదాన్నే వెల్లడిస్తుందా అన్న చర్చను 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం ఔలూక్య దర్శనం (వైశేషికం) అన్న భాగంలో ఎత్తుకుని, వైశేషికుల తరఫున పుట్టిస్తుందనే తేల్చింది. అలాగని ఇది వట్టి ఊహ కాదు. పుట్టిన ద్విత్వం వస్తువులనే ఆశ్రయించి ఉంటుందని వారి మతం.

పట్టికల్లో బుద్ధి పుట్టిస్తుందన్న ఈ పక్షమే బలంగా కనిపిస్తుంది. "లక్షన్నర" అన్న గడిలో ఒక్క అంకె లేదు, విలువ మాత్రం 1,50,000. పిన్‌కోడ్ గడి నిండా అంకెలే, వాటిని కూడితే వచ్చేదానికి అర్థం లేదు. "౧౨" అని తెలుగు అంకెల్లో రాస్తే పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో అంకెలను వెతికే మామూలు నమూనా దాన్ని పట్టుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లోది 0 నుంచి 9 దాటి చూడదు. రాత మారలేదు, వెతికే నియమం మారింది.

వెల్లడి పక్షానికి ఆధారం శాసనాల్లో దొరుకుతుంది. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేక సంవత్సరాన్ని కోరుమిల్లి శాసనం వేదాలు, సముద్రాలు, నిధులు అన్న మాటల్లో చెప్పింది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. కుడి నుంచి ఎడమకు పేరిస్తే శక 944, అంటే క్రీ.శ. 1022. సంఖ్యను మాటల్లో పొదిగింది రాసినవాడే, చదివేవాడు దాన్ని విప్పుతున్నాడంతే. అయితే ఇలా మాటలతో అంకెలను సూచించే భూతసంఖ్యల్లో సముద్రాలను 7గా తీసుకోవడమూ ఉంది. కాబట్టి తిథి, వార, నక్షత్రాలతో సరిచూడకుండా ఇలాంటి లెక్కను ఖాయం చేయరు.

అక్షరాలకు అంకెల విలువలిచ్చే కటపయాది పద్ధతిలో చిక్కు ఇంకా ముదురుతుంది. ధీరశంకరాభరణం అన్న రాగం పేరులో ధ 9, ర 2. తిరగేస్తే 29, మేళకర్త రాగాల్లో దాని వరుస సంఖ్య. శంకరాభరణం ముందు "ధీర" చేర్చిందే ఈ లెక్క కుదరడానికి. భారతానికి ఉన్న "జయ" అన్న పేరులోనూ జ 8, య 1, తిరగేస్తే 18, పర్వాలూ 18. అక్షరాలకు విలువలిచ్చే నియమం రెండు చోట్లా ఒకటే. రాగం విషయంలో సంఖ్యను కావాలనే పెట్టారని తెలుసు. "జయ" అని పేరు పెట్టినవారు 18ని తలచుకున్నారనడానికి ఆ లెక్క కుదరడం ఒక్కటే చాలదు.