రచయిత తన రచనకు తానే భావకుడు కాగలడా? : కథకుల ఆత్మవిమర్శపై ఒక పరిశీలన

కథారచయిత తన బలాన్ని, బలహీనతను తానే నిర్ణయించుకొనగలడా అన్నది పైకి శిల్పానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికి ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మొదటిది జ్ఞానానికి సంబంధించినది: ఏ దృష్టి వల్ల లోపం కలిగిందో ఆ దృష్టే ఆ లోపాన్ని చూడగలదా? రెండవది నీతికి సంబంధించినది: చూడవలసిన బాధ్యత రచయితకు ఎవరిపట్ల ఉన్నది? మొదటి ప్రశ్నకు సమాధానం రెండవ ప్రశ్నలోనే దొరుకుతుందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజశేఖరుని విభాగం

మొదటి ప్రశ్న మన ఆలంకారికులకు కొత్తది కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా విభజించాడు. రచనకు తోడ్పడేది మొదటిది. రచనలోని గుణదోషాలను గ్రహించడానికి తోడ్పడేది రెండవది. కవికి, భావకునికి భేదం లేదన్న మతాన్ని పేర్కొని, బంగారాన్ని కన్న రాయి ఒకటి, దానిని పరీక్షించే రాయి మరొకటి అన్న భిన్నమతాన్ని కూడా చూపాడు. భావకులను అరోచకి, సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి అని నాలుగు విధాలుగా పేర్కొన్నాడు. ఇది పరుల కావ్యాన్ని చదివేవారిని ఉద్దేశించిన విభాగం. తన కథను తానే చదువుకొనే రచయితకు దీనిని అన్వయిస్తే ఆత్మవిమర్శలోని ప్రమాదాలు స్పష్టమవుతాయి.

అన్నంతోపాటు గడ్డినీ తినేవాడు సతృణాభ్యవహారి. తాను రాసినదంతా రుచించే రచయిత ఈ కోవకు చెందుతాడు. మత్సరి తన రచనను చూడడు. పక్కవాని స్థానాన్ని చూసి తన స్థానాన్ని లెక్కించుకొంటాడు. ఈ లెక్క ఎంత నిరుపయోగమో ఒక ఉదాహరణ చాలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకొన్నాయి. ఆ నిర్ణయం రెండు నవలలను ఒక వరుసలో నిలిపింది. కాని ఏ నవలలో ఏది కొరవడిందో తెలుసుకొనడానికి అది ఏ రచయితకూ ఉపకరించదు.

అరోచకి విషయం కొంత జటిలమైనది. ఏదీ రుచించని ఈ స్వభావం వినయంగా కనిపిస్తుంది. అయితే తన లోపాలను ఏకరువు పెట్టే రచయిత, ఇతరులు విమర్శించకముందే తానే విమర్శించుకొని తనను తాను కాపాడుకొంటూ ఉండవచ్చు. అప్పుడు వినయం కూడా అహంకారానికి కవచమే అవుతుంది.

బలం చాటున లోపం

ఈ ముగ్గురూ చూడలేనిది ఒకటున్నది. రచయిత లోపం తరచుగా అతని బలం చాటుననే ఉంటుంది. ఆంగ్లవిద్య జోలికి పోని శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తెలుగు ఇళ్లలోని సంభాషణను కథకు వెన్నెముకగా చేశారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఉపమానాలను గుప్పిస్తూ, మాండలికాన్ని మలుస్తూ విశాఖ జీవితాన్ని చిత్రించారు. ఇటువంటి శక్తి ఉన్నచోట, ఇక్కడ సంభాషణ అవసరమా, ఈ ఉపమానం లేకపోతే ఏమవుతుంది అన్న సందేహం తలెత్తడం కష్టం. చేతకానిచోట రచయిత జాగ్రత్తపడతాడు, చేతనైనచోట ఆదమరుస్తాడు. కనుక బలాలను ఒకవైపు, బలహీనతలను మరొకవైపు రాసుకొనే పట్టిక వల్ల ప్రయోజనం స్వల్పం.

ఒరగల్లు ఎక్కడున్నది?

ఈ చిక్కు నుండి బయటపడే దారిని రావిశాస్త్రి మాటల్లోనే గమనించవచ్చు. తన రాత మంచికి కీడు చేస్తున్నదా, చెడుకు సాయపడుతున్నదా అని ప్రతి రచయితా ఆలోచించుకోవాలని ఆయన అభిప్రాయం. ఎంత బాగా రాశాను అన్న ప్రశ్న స్థానంలో, నా రాత ఎవరికి ఏమి చేస్తున్నది అన్న ప్రశ్నను ఆయన నిలిపారు. ఒరగల్లు రచయిత వెలుపలికి వచ్చింది. అయితే దీనికొక పరిమితి ఉన్నది. లోకంలో రచన ఫలితం రచయిత చేతిలో ఉండదు. పైగా సదుద్దేశం శిల్పదోషానికి సాకుగా మారే అవకాశమూ ఉన్నది. కాబట్టి ఒరగల్లును మరికొంత దగ్గరగా, కథలోని మనిషి వద్దనే వెదకవలసి ఉంటుంది.

కాళీపట్నం రామారావు రచనాజీవితం ఇందుకు ఆధారం. తన తొలినాటి కథలతో తృప్తి చెందక ఆయన కొన్ని సంవత్సరాలు కథారచన మానుకొన్నారు. అది అరోచకి మౌనమేనా అన్న ఆక్షేపణ సహజం. దానికి సమాధానం ఆ మౌనం తరువాత, 1966లో వెలువడిన ‘యజ్ఞం’ కథలో ఉన్నది. సుందరపాలెం పంచాయతీలో అప్పల్రాముడి అప్పు తగవు విచారణకు వస్తుంది. అప్పుల వాని పక్షాన నిలిచే కథకునికి షావుకారును దుర్మార్గునిగా చూపడం సులభమైన మార్గం. రామారావు ఆ మార్గాన్ని విడిచిపెట్టారు. షావుకారు వాదానికీ, తీర్పరి ధర్మదృష్టికీ పూర్తి అవకాశమిచ్చారు. అప్పు న్యాయమైనదే, తీర్పూ ధర్మబద్ధంగానే కనిపిస్తుంది. అయినా సీతారాముడు కన్నకొడుకును చంపుకొనే స్థితి ఏర్పడింది. లోపం వ్యక్తులలో కాక వ్యవస్థలో ఉన్నదని పాఠకుడు గ్రహించేది ఆ నిష్పాక్షికత వల్లనే. ముగింపు ఔచిత్యంపై విమర్శకులు విభేదించవచ్చు, విభేదించారు కూడా. కాని ప్రతిపక్షం వాదాన్ని బలహీనపరచి తన వాదాన్ని గెలిపించుకొనే సౌలభ్యాన్ని రచయిత వదులుకొన్నారన్నది గమనార్హం. అరోచకి మౌనం రచయితను రక్షిస్తుంది. ఈ మౌనం పాత్రలకు న్యాయం చేకూర్చింది.

ముగింపు

దీనినిబట్టి తత్త్వాభినివేశి అయిన రచయిత వేసుకొనే ప్రశ్నలు తన గురించినవి కావు. ఏ పాత్ర నోట నా నేర్పు మాత్రమే పలికింది? ఎవరి వాదాన్ని నేను కుదించాను? ఎవరి బాధను నా వాక్యసౌందర్యానికి వాడుకొన్నాను? ఇవి శిల్పప్రశ్నలే, అదే సమయంలో నైతిక ప్రశ్నలు కూడా. ఇక్కడ ఒక తరుగుదల తప్పదు. పాత్రకు కూడా రూపమిచ్చేది రచయితే కనుక ఈ ఒరగల్లు పూర్తిగా పరాయిది కాదు, దాని తీర్పు నిర్దోషమూ కాదు. అయినా తనను తాను తూచుకొనేవానికి దొరకని నిలకడ, మరొకరికి బాధ్యుడైనవానికి కొంతైనా దొరుకుతుంది. పరిశోధకులకూ ఇందులో ఒక సూచన ఉన్నది. పీఠికలలో రచయిత తన గురించి చెప్పుకొన్న మాటలను సాక్ష్యంగా స్వీకరించే ముందు, ఆయన కథలో తనకు నచ్చని మనిషికి ఎంత చోటిచ్చాడో పరిశీలించడం అవసరం.