ఇద్దరు పిసినారులు

తెలుగు హాస్యంలో పిసినారితనానికి రెండు గొప్ప రూపాలున్నాయి: ఒకటి 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో రచయిత గురజాడ అప్పారావు చేతిలోనే సమూలంగా పెరిగి మారిన 'కన్యాశుల్కం' నాటకంలోని లుబ్ధావధాన్లు, రెండవది జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట' చిత్రంలోని లక్ష్మీపతి. ఇద్దరూ స్వభావ హాస్యానికి, అంటే మాటల విరుపు కన్నా పాత్ర గుణం నుంచి ఎక్కువగా పుట్టే నవ్వుకు, చెందినవారే. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతి నవ్వించడానికి కారణం ఆ కోడి కాదు, ఆ పూటను అతడు మనస్ఫూర్తిగా విందుగా భావించడం. తాను నవ్విస్తున్నానన్న ఎరుక ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు ముఖంలో ఎక్కడా కనిపించకపోవడమే ఆ నటనలోని ఘనత.

లుబ్ధావధాన్లు తెప్పించే నవ్వు వేరు. కన్యాశుల్కమంటే పిల్ల తండ్రి వరుడి నుంచి పుచ్చుకునే సొమ్ము గనుక, ముసలివాడు ఆడవేషం వేసిన కుర్రవాణ్ణి పెళ్ళాడి మోసపోయినప్పుడు ప్రేక్షకుడు నవ్వుతూనే, ఆ వేషం లేకుంటే పీటల మీద పసిది సుబ్బి కూర్చునేదని, అటువంటి బేరానికే బలై దాని అక్క బుచ్చమ్మ వితంతువుగా పుట్టింట ఉందని తలచుకుని కలత పడతాడు. ఇంత దుఃఖాన్ని మోయగలిగినందుకే నాటకానికి పైమెట్టు దక్కాలి. అయినా సినిమా హాస్యమంతా చవకబారుదనే మాట న్యాయం కాదు. లక్ష్మీపతిని సృష్టించడానికీ మనిషి స్వభావాన్ని అంతే ఓపికగా గమనించవలసి వచ్చింది.