వివాహమునకు సాక్షి యెవరు?

ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు యోగనిద్ర వహించిన శ్రీమన్నారాయణుడు కార్తిక శుద్ధ ఏకాదశినాడు మేల్కాంచును. మరునాడు క్షీరాబ్ధి ద్వాదశి. ఆనాడు ఇంటింట తులసీదామోదరుల కల్యాణము జరుగును. స్వామి పెండ్లి ముగిసిన వెనుక మన పెండ్లిండ్లు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ ప్రాంతముల కల్యాణమండపములు ఆ దినములలో మామిడి తోరణములతో కళకళలాడుచుండును.

పూర్వము పెండ్లి నిశ్చయము కాగానే పురోహితుని పిలిచెడివారు. నేడు ఆయనతోపాటు ఫొటోగ్రాఫరును కూడ పిలుచుచున్నారు. కార్తికమాసమున హైదరాబాదులో సాయంకాలము 5.40 ప్రాంతమున సూర్యుడస్తమించును. అంతకు ముందటి గంటసేపు వెలుతురు మెత్తగా నుండి చిత్రములకు అనుకూలించును. కావున ఎప్పుడు అలంకరణ, ఎప్పుడు చిత్రములు అని గడియలు లెక్కించి పట్టిక వ్రాయుదురు. ఇందులో దోషమేమియు లేదు. అయితే ఆ పట్టిక ముహూర్తమును అనుసరింపవలెనా, ముహూర్తమే పట్టికను అనుసరింపవలెనా? ప్రశ్న ఇంతమాత్రమే.

గత కార్తికమున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెండ్లికి పోయితిని. సుముహూర్తము సమీపించినది. తెర తొలగింపబోవునంతలో, దీపములు సరిగా అమరలేదని ఫొటోగ్రాఫరు “ఒక్క నిమిషము ఆగండి పంతులుగారూ” అనెను. పురోహితుడు గడియారము వంక చూచి మిన్నకుండెను. వధూవరులకును సభకును నడుమ నలుగురైదుగురు కెమెరాలతో నిలిచియుండిరి. నా ప్రక్కన కూర్చున్న పెండ్లికూతురి నాయనమ్మ మెడ చాచి చాచి చూచి, “జీలకర్ర బెల్లం పెట్టిన్రా బిడ్డా?” అని నన్నడిగెను. నాకును కానరాలేదు. ఏమి చెప్పవలెనో తోచలేదు. ఆ క్షణమును చూచుటకే ఆమె నల్లగొండ నుండి వచ్చినది.

ఇంతటితో కెమెరాను నిందించి ఊరకుండవచ్చును. కాని తరువాతి కథ కూడ చెప్పవలెను. ఉగాదికి ముందే ఆ వృద్ధురాలు పరమపదించినది. నేడు వారి యింట గోడమీదనున్న ఆమె చిత్రము ఆ పెండ్లిలో తీసినదే. పంక్తిలో కూర్చుండి నవ్వుచున్న ఆమెను ఆ ఫొటోగ్రాఫరే తీసెను. కావున దోషము యంత్రమున లేదు. ప్రధానమేదో అంగమేదో మరచిన మన మనస్సులో నున్నది.

వివాహమునకు సాక్షి అగ్నిహోత్రుడు. ఆయన యెదుట వేయు ఏడడుగులతో బంధము స్థిరపడును. సప్తపది ఆచారముగల వివాహము ఏడవ అడుగుతో సంపూర్ణమగునని 1955 నాటి హిందూ వివాహ చట్టము కూడ 7వ విభాగమున చెప్పుచున్నది. చిత్రము సరిగా రాలేదని ఆ అడుగును మరల వేయించినచో, మొదటిది ప్రతిజ్ఞ, రెండవది అభినయము. అభినయమునకు అలవాటుపడిన మనస్సు ప్రతిజ్ఞను కూడ అభినయముగానే తలచును. ఇదియే నా భయము.

శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి స్వామితో తన కల్యాణమును స్వప్నమున గాంచి చెలికత్తెకు చెప్పుకొన్నది. నాచ్చియార్ తిరుమొళిలోని ఆ పాశురములను శ్రీవైష్ణవుల వివాహములలో నేటికిని అనుసంధింతురు. ఆ పెండ్లికి ఏ పటమును లేదు. ఆర్తితో చూచిన హృదయము, ఆదరముతో వినిన చెలి, అంతే. అయినను వేయేండ్లకు పైగా అది చెక్కుచెదరలేదు.

గృహస్థులకు ఒక మనవి. పెండ్లికి కొన్నినాళ్ళు ముందుగానే పురోహితుని, ఫొటోగ్రాఫరును ఒకచోట కూర్చుండబెట్టుడు. మొదట ముహూర్తమును వ్రాసి, మిగిలినవన్నియు దానికి ఇరువైపుల అమర్చుడు. అలంకరణ చిత్రములు ముందు, బంధువుల చిత్రములు తలంబ్రాల పిదప తీయవచ్చును. తెర తొలగునపుడును, మాంగల్యధారణమునందును, సప్తపదియందును కెమెరాలు ప్రక్కకు నిలువవలెను. ముందువరుసలోని పెద్దల చూపునకు అడ్డురాకూడదు. ఫొటోగ్రాఫరు కూడ తన వృత్తిధర్మమును నెరవేర్చువాడే. ముందుగా చెప్పిన సంతోషముగా అంగీకరించును. వేదికపై గద్దించుట మర్యాద కాదు.

చివరిగా అరుంధతీ దర్శనము. కార్తికమున సప్తర్షి మండలము సాయంకాలము మనకు కానరాదు. తెల్లవారుజామున ఈశాన్యదిక్కున నుండును. పెండ్లినాడు మండపపు కప్పువంక వ్రేలు చూపి చిత్రము తీయించుకొన్న దంపతులు, మరునాటి వేకువను మేడపైకెక్కి వెదుకుదురు గాక. తోకలోని నడిమి చుక్క వసిష్ఠుడు. చూపు నిలిపినచో ఆయనను వీడక మినుకుమినుకుమను అరుంధతి కనబడును. ఆ దర్శనమునకు పట్టికతో పనిలేదు, పటముతోను పనిలేదు.

అలమేలుమంగాసమేతుడైన శ్రీనివాసుడు నూతన దంపతుల కెల్లరకు అట్టి ఎడబాటెరుగని సాహచర్యమును ప్రసాదించుగాక!