అణగిన తరంగము ఎచటికేగును?

ఒక వస్తువు నశించినదని మనము పలుకునప్పుడు, అది నిజముగా లేకపోయినదని చెప్పుచున్నామా, లేక మన కంటికి మరుగైనదని మాత్రమే చెప్పుచున్నామా యను ప్రశ్న మన దార్శనికులను పక్షములుగా చీల్చినది. కుండ పగిలిన పిమ్మట కలుగు అభావమునకు ఆదియే కాని అంతము లేదని నిశ్చయించి, న్యాయవైశేషికులు దానిని ప్రధ్వంసాభావమనిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహముతో శాస్త్రారంభము చేయు విద్యార్థులు నేటికిని ఈ పాఠమును వల్లించుచునే యున్నారు. సాంఖ్యులు దీని నంగీకరింపలేదు. కార్యము పుట్టుటకు ముందు కారణమునందున్నట్లే నశించిన పిదపను కారణమునందే లీనమై యుండుననియు, నాశమనునది తిరోభావమే కాని శూన్యము కాదనియు వారి సిద్ధాంతము. మీమాంసకులకు వచ్చిన చిక్కు ఇంతకంటెను గడ్డుది: యాగము నేడు ముగిసిపోవును, ఫలము ఎన్నడో కలుగును, ఈ రెండింటి నడుమ నిలిచి యొకదానిని మరియొకదానితో కలుపునది యేది? దానికి వారు అపూర్వమని పేరిడిరి. ఆ అపూర్వమును నేను చిరకాలము వాదరక్షణకై కల్పించిన పదముగానే తలచితిని. ప్లాస్మా తరంగములను గూర్చి చదివిన పిమ్మట ఆ తలంపు సడలినది.

వాయువును మిక్కిలి వేడిచేసినను, దానిగుండ విద్యుత్తును ప్రసరింపజేసినను, పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడి, ధనావేశముగల అయానులతో కలిసి యొక విలక్షణమైన ద్రవ్యస్థితి యేర్పడును. 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ దీనికి ప్లాస్మా యను పేరిడెను. బలమైన అయస్కాంత క్షేత్రమును ప్లాస్మా నిండిన గొట్టము పొడవునకు నెలకొల్పినచో, ఎలక్ట్రానులు ప్రక్కలకు చెదరిపోజాలక, దారమున గ్రుచ్చిన పూసలవలె ఆ క్షేత్రరేఖల వెంబడినే ముందుకు సాగును. ఇట్టి ప్లాస్మాలో విద్యుత్ పొటెన్షియల్ కొన్నిచోట్ల అలలుగా కదలును, కొన్నిచోట్ల గోడవలె నిలుచును. ధనావేశపు పొర యొకటి, ఋణావేశపు పొర యొకటి చేరువగా నేర్పడి నిలిచిన దానిని ద్విస్తరమందురు. స్వీడన్ దేశీయుడైన హానెస్ ఆల్ఫ్వెన్, ధ్రువప్రాంతపు ఆకాశమున వెలుగులు నింపు ఎలక్ట్రానులు ఇట్టి ద్విస్తరములవలననే వేగము పొందునని 1958లో సూచించెను. ద్విస్తరముగుండ కణములు క్షణక్షణమును దూసికొనిపోవుచుండగా, ఏ కణమును నిలువకయే ఆ రూపము నిలిచియుండును. రూపము వేరు, దానిని మోయు కణములు వేరు అను మాట ఇందువలన స్పష్టమగుచున్నది. ఇక రూపము చెదరినప్పుడు కణములయందేమి మిగులునన్నదే మన విచారణ.

1946లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ లాండౌ, కణములు ఒండొంటితో ఢీకొనకపోయినను ప్లాస్మాలోని తరంగము తనంతట తానే అణగిపోవునని గణితముచే నిరూపించెను. ఘర్షణము లేని చోట క్షయ మెట్లు కలుగునను సందేహము చాల కాలము నిలిచినది. 1964లో మాల్మ్‌బర్గ్, వార్టన్ అనువారు అమెరికాలోని సాన్‌డియాగోలో, అయస్కాంత క్షేత్రమున నిలిపిన ప్లాస్మా స్తంభములోనికి తరంగమును పంపి, లాండౌ చెప్పినట్లే అది అణగుటను కొలిచి చూపిరి.

ఈ అణగుటను గ్రహించుటకు తిరుమల మెట్లదారిని తలచుకొనుడు. అలిపిరి యొద్ద యాత్రికులను నియతమైన యెడముతో గుంపులు గుంపులుగా విడిచిరనుకొందము. మొదటి మెట్లమీద గుంపులు వేరువేరుగా కానవచ్చును. పైకెక్కినకొలది, వడిగా నెక్కు పడుచువారు ముందరి గుంపును దాటిపోగా, వృద్ధులు వెనుకటి గుంపులో కలిసిపోగా, కొంతదూరమున ఎడతెగని సమప్రవాహము తప్ప గుంపన్నది కానరాదు. గుంపు నశించినదా? ప్రతి యాత్రికుని నడకలోను అతడు బయలుదేరిన వేళ గుప్తమై యున్నది. ఇప్పుడు గాలిగోపురమువద్ద మరియొకరు నిలిచి, అలిపిరిలో ఒక గుంపు విడిచిన కాలములో తాను గుంపున్నర చొప్పున విడిచిరేని, పైదారిలో ఆ క్రొత్త గుంపులును చెదరిపోవును. కాని అలిపిరినుండి గాలిగోపురమునకు గల దూరమునకు మూడింతల దూరమున, ఎవరును చేర్చకయే, యాత్రికుల రాక మరల ఒక లయలో హెచ్చుచు తగ్గుచు కానవచ్చును.

చెదరిన లయ ఇట్లు మరల తలయెత్తుట ఊహ కాదు. గూల్డ్, ఓనీల్, మాల్మ్‌బర్గ్ అనువారు 1967లో దీనిని ప్లాస్మాకు అన్వయించి సిద్ధాంతీకరించిరి. మరుసటి సంవత్సరమే ప్రయోగమునను సిద్ధించినది. మొదటి తరంగ మణగినది, దూరమున పంపిన రెండవ తరంగమును అణగినది. ఆపైన, పొటెన్షియల్‌లో ఏ చలనమును లేని ప్రదేశమును దాటిన పిదప, గణితము నిర్దేశించిన తావుననే మూడవ తరంగ మొకటి, రెండింటి పౌనఃపున్యముల భేదమే తన పౌనఃపున్యముగా, తానై తలయెత్తినది. దానికి ప్లాస్మా ప్రతిధ్వని యని పేరు.

ఇందువలన అపూర్వము సిద్ధించినదనిగాని, మన పూర్వులు ప్లాస్మా నెఱిగియుండిరనిగాని నేను చెప్పను. అట్టి మాటలు శాస్త్రమునకును, దర్శనమునకును గూడ అపచారములు. యాగకర్త ఆత్మ వేరు, జడమైన ఎలక్ట్రాను వేరు. కాని ముగిసిన క్రియకును, రాబోవు ఫలమునకును నడుమ కంటికి కానరానిది, నియమబద్ధమైనది యేదియో నిలిచియుండుట అసంగతమని యెవరైన నన్నచో, ఆ ఆక్షేపణ మిక నిలువదు. కానరాలేదు కావున లేదను వాదము, కొలత పరికరమును సర్వజ్ఞునిగా భావించు వాదమే యగును.

అణగినది కారణమునందే లీనమై యుండునను సాంఖ్యపక్షమునకును హద్దు కలదని ఒప్పుకొనక తప్పదు. కణముల జ్ఞాపకము వాటి వేగముల సున్నితమైన అమరికలో నున్నది. స్వల్పమైన అభిఘాతములును దానిని చెరపివేయగలవు. రెండవ తరంగము సకాలమున రానిచో మొదటిదాని జాడ యుండెననియే ఎవరికిని తెలియదు. అభిఘాతములు మిక్కుటమైన ప్లాస్మాలో ఎన్ని మారులు పంపినను ప్రతిధ్వని రాదు. అచట నైయాయికుని మాటయే నిలుచును.