ముట్టుకునే ముందు లాగ్ చదువు నాయనా

ఒరే నాయనా, కాస్త ఆగు. నెట్‌లో దొరికిన కమాండ్ అతికించి ఎంటర్ కొట్టబోతున్నావే, అక్కడే ఆగు. బ్రౌజర్‌లో 502 కనబడింది, సర్వర్ పాడైందనుకున్నావు. ఇంజిన్‌ఎక్స్ పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశావు. అయినా 502 పోలేదు. ఎలా పోతుంది? ఇంజిన్‌ఎక్స్ బాగానే ఉంది. దాని వెనకాల ఉండాల్సిన నీ అప్లికేషనే పలకట్లేదు. ఆ మాటే ఆ 502 నీకు చెబుతోంది, నువ్వే వినిపించుకోవట్లేదు.

ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజినీరు 2004లో ఈ ఇంజిన్‌ఎక్స్ సర్వర్‌ని బయటికి వదిలాడు. ఒక్క మెషీన్ మీద పదివేల కనెక్షన్లు మోయాలన్నది ఆయన పంతం. రెండు ట్యాబ్‌లు తెరిచి నువ్వు చేసే టెస్టింగ్‌కి అది కూలిపోదులే. అనుమానపడాలనుకుంటే ముందు నిన్ను నువ్వు అనుమానించుకో, సర్వర్ జోలికి తర్వాత వెళ్దువుగాని.

అందుకే చెబుతున్నా, ముందు ఎర్రర్ లాగ్ చదువు. ఉబుంటులో అయితే వార్ కింద లాగ్, దాని కింద ఇంజిన్‌ఎక్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. చివరి లైను చాలు, కానీ పూర్తిగా చదువు. 111, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే ఆ అడ్రసులో, ఆ పోర్టులో ఎవరూ వినట్లేదని. 13 అంటే పర్మిషన్ లేదని. 2 అంటే నువ్వు చెప్పిన చోట ఆ ఫైలే లేదని. 111 వస్తే ఎస్‌ఎస్ కమాండ్‌తో ఏ పోర్టులో ఎవరున్నారో చూడు. నీ నోడ్ అప్లికేషన్ నడుస్తూనే ఉండొచ్చు. కాకపోతే నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ అంటే చాలా మెషీన్లలో ఐపీవీ6 అడ్రసు ముందు వస్తోంది. అదక్కడ వింటుంటే, నువ్వు 127.0.0.1 దగ్గర తలుపు కొడుతున్నావు. ఇంజిన్‌ఎక్స్‌ని డాకర్‌లో పెట్టావా, అప్పుడు 127.0.0.1 అంటే ఆ కంటైనరే, నీ లాప్‌టాప్ కాదు. చదివితే పది నిమిషాల పని. చదవలేదు గనక రాత్రి ఒంటిగంటైంది. అమ్మ అన్నానికి పిలిచి పిలిచి ఊరుకుంది.

ఇంకోటి, ఆ 777. నాకు ఒళ్లు మండేది దీంతోనే. ఫర్బిడెన్ అని 403 రాగానే ఫోల్డర్ మొత్తానికి ఛ్‌మోడ్ 777 కొడతావు. పేజీ వస్తే వచ్చిందని సంబరం. కానీ ఆ మెషీన్ మీద ఏ ప్రోగ్రామైనా నీ కోడ్‌ని తిరగరాయగలదిప్పుడు. పోనీ నీ లాప్‌టాప్ వరకే అంటావు. అక్కడితో ఆగదురా. ఆ లైను నీ సెటప్ స్క్రిప్టులోకి ఎక్కుతుంది, నీ పక్క సీటు పిల్ల దాన్ని కాపీ చేసుకుంటుంది, ఏదో ఒకరోజు జనం ఫొటోలు, కాగితాలు అప్‌లోడ్ చేసే అసలు సర్వర్‌కి చేరుతుంది. అసలు కారణం ఎక్కడుందో తెలుసా? ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్ ఫోల్డర్‌లోకి ఇతరులు రాలేరు. ఇంజిన్‌ఎక్స్ పనివాళ్లు వేరే యూజర్ పేరుతో నడుస్తారు. ఫైలుకి ఎంత పర్మిషన్ ఇచ్చినా, దారిలో ప్రతి ఫోల్డర్‌లోకీ అడుగుపెట్టే హక్కు ఉండాలి. నేమ్‌ఐ మైనస్ ఎల్ అని కొట్టి ఫైలు దారి ఇవ్వు, ఎక్కడ అడ్డుపడిందో వరసగా చూపిస్తుంది. ప్రాజెక్టుని హోమ్‌లోంచి తీసి వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

కాన్ఫిగ్ మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చు. రుచి చూడకుండా ఉప్పు, కారం, పులుపు కలిపి గుమ్మరిస్తే, కూర కుదిరినా దేనివల్ల కుదిరిందో నీకు తెలీదు. ఒకటి మార్చు, ఇంజిన్‌ఎక్స్ మైనస్ టీ కొట్టు, సరే అంటే రీలోడ్ చెయ్యి. రీస్టార్ట్ కాదు, రీలోడ్. రీలోడ్‌లో తప్పు దొరికితే పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. రీస్టార్ట్‌లో అయితే ఆగిపోయి, మళ్లీ లేవదు. తప్పు ఫలానా లైనులో అంటే దాని పై లైను కూడా చూడు, సెమీకోలన్ అక్కడ మరిచిపోయి ఉంటావు. పాత కాపీని సైట్స్-ఎనేబుల్డ్‌లోనే బాక్ అని పేరుపెట్టి దాచకు. ఉబుంటులో ఆ ఫోల్డర్‌లో ఏముంటే అదంతా చదివేస్తుంది, పాతదీ కొత్తదీ కొట్టుకుంటాయి. గిట్‌లో పెట్టుకో, అది అందుకే ఉంది. అప్‌లోడ్‌కి 413 వస్తే కంగారుపడకు, మామూలుగా 1 ఎంబీ దాటనివ్వదు, అంతే.

ఇంత తలనొప్పెందుకు, పైథాన్‌లో ఒక్క లైనుతో సర్వర్ లేస్తుందిగా అంటావేమో. లేస్తుంది, కాసేపటికి వాడుకో. కానీ నువ్వేమీ చెప్పకపోతే అది అన్ని నెట్‌వర్క్‌ల మీదా వింటుంది. హాస్టల్ వైఫైలో ఉన్నవాళ్లు నీ ఫోల్డర్ లిస్టు చూడొచ్చు, పాస్‌వర్డులు రాసుకున్న ఈఎన్‌వీ ఫైలు కూడా దించుకోవచ్చు. ఆ కమాండ్ చివర మైనస్ మైనస్ బైండ్ అని చేర్చి 127.0.0.1 ఇవ్వు. రేపు కాదు, ఇప్పుడే, నేను చూస్తుండగా.