పాత గళమునకు కొత్త మెరుగు

గతించిన గాయకుని గొంతును శుద్ధిచేయుటకు మనకు ఎంతవరకు అధికారము కలదు? ఈ ప్రశ్న సంగీతజ్ఞులకెంత ముఖ్యమో, నెమిలి, గుడియాత్తం ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనబోటి తెలుగు కుటుంబములకును అంత ముఖ్యము.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) పాటలు పాడుటయే గాక 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) మొదలగు చిత్రములకు సంగీతమును కూర్చిరి. ఆనాడు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి లక్క రికార్డులో ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు కొంచెము మించి గానము పట్టెడిది. ముల్లు రాసుకొన్న కొలది గరగర చేరెడిది. నేడు అట్టి రికార్డులను యంత్రసాయమున శుద్ధిచేసి, ఒక జీవితకాలపు గానమును ఒక్క పెట్టెలో అందించుట సాధ్యమైనది. ఇది సంతోషింపదగినదే.

అయితే చిక్కొకటి కలదు. రికార్డులోని బుసబుస శబ్దమును, శ, ష, స అక్షరముల ధ్వనియు ఇంచుమించు ఒకే హెచ్చు స్థాయిలో నుండును. హద్దుమీరి తుడిచినచో అక్షరపు పదునును, ఒత్తక్షరపు ఊపిరియు దానితో పోవును. మన పిల్లలు బడిలో తమిళము చదువుదురు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. కావున వారికి తెలుగు ఉచ్చారణ చెవిద్వారా రావలసినదే. పెక్కు ఇండ్లలో ఘంటసాలవారి పద్యమే వారికి పెద్దబాలశిక్ష.

కచేరీలో దస్త్రములకు నకళ్లు వ్రాసినవారము గనుక మాకు తోచిన ధర్మమిది: మసకబారిన అక్షరమును స్ఫుటము చేయవచ్చును, అంకెను మార్చరాదు. రికార్డుకు పట్టిన దుమ్ము పోవచ్చును, గాయకుని ఊపిరి పోరాదు. తుదిదశలో, అనారోగ్యముతో ఆయన పాడిన భగవద్గీతలో ఎచటనైన అలసట వినిపించినచో అదియు ఆయనదే. దానిని దాచుట గౌరవమనిపించుకొనదు.

"యువకులకు నచ్చునట్లు కొత్త వాద్యములు చేర్చిన దోషమేమి?" అని కొందరందురు. చేర్చవచ్చును. కాని దానికి వేరు పేరు పెట్టవలెను, మార్చినదేమో అట్టపై ముద్రింపవలెను, అసలు రికార్డును భద్రపరుపవలెను. గతించినవాడు అభ్యంతరము చెప్పజాలడు. ఆ బాధ్యత వినెడివారిపై పడును. కావున కొనునప్పుడు అట్ట చదువుడు. ఇంట పద్యము మ్రోగునప్పుడు పిల్లలచేత శ, ష, స లను పలికించి చూడుడు.