అరుంధతీ దర్శనము

వివాహవేళ వధూవరులకు అరుంధతిని చూపుట మన యాచారము. ఆ నక్షత్ర మెంత దూరమున నున్నదో యోచించువా రరుదు. వెలుగు సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. సూర్యునినుండి మనలను జేరుటకు దానికి 8 నిమిషములకు పైగా పట్టును. అరుంధతినుండి చేరుటకు సుమారు 80 సంవత్సరములు పట్టును. అనగా, నేడు వధువు కన్నులబడు కిరణ మామె తల్లి పుట్టకమునుపే బయలుదేరినది.

ఇంతటి విశ్వములో అణుప్రాయులమగు మన మంచిచెడ్డల కేమి విలువ యని కొందఱు నిస్పృహ చెందుదురు. ఇది యుక్తము గాదు. పరిమాణము వేఱు, విలువ వేఱు. కొండ యెంత పెద్దదైనను పసిబిడ్డ యాకలి నెఱుగదు. 1838లో బెస్సెలను జర్మను పండితుడు భూకక్ష్యనే కొలబద్దగా గొని యొక నక్షత్రపు దూరమును లెక్కించెను. ఆ నక్షత్రము బెస్సెలు నెఱుగదు.

జన్మనక్షత్రములు పొసగలేదని కన్యలను నిరాకరించు పెద్దలు దీని నాలోచింపవలెను. తారకలు మన యింటి పిల్ల నెఱుగవు. ఆమె కన్నీ రెఱిగినవారము మనమే. దానిని తుడువవలసినవారమును మనమే.